కట్టె నుంచి ఇంధనం: చిక్కంతా తారులోనే

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో సోపర్టన్ అనే చిన్న ఊరుంది. చుట్టూ పైన్ తోటలే కావడంతో ఊరివాళ్లు దాన్ని పది లక్షల పైన్ల నగరమని గొప్పగా చెప్పుకుంటారు. 2007 నవంబరులో రేంజ్ ఫ్యూయెల్స్ అనే కంపెనీ అక్కడ కర్మాగారానికి శంకుస్థాపన చేసింది. పైన్ చెక్కను గ్యాసుగా మార్చి, ఆ గ్యాసు నుంచి ఎథనాల్ తీస్తామంది. కేంద్ర ఇంధన శాఖ 7.6 కోట్ల డాలర్ల దాకా గ్రాంటు ఇస్తానంది. వ్యవసాయ శాఖ 8 కోట్ల డాలర్ల అప్పుకు పూచీ పడింది. 2010లో గొట్టం లోంచి బయటికొచ్చింది మెథనాల్. 2011లో గేటు మూతపడింది. మరుసటి జనవరిలో లాంజాటెక్ కంపెనీ ఆ కర్మాగారాన్ని 51 లక్షల డాలర్లకే కొనుక్కుంది. అదే ఆవరణలో 2024లో లాంజాజెట్ విమాన ఇంధన కర్మాగారం ప్రారంభమైంది కానీ, దాని ముడిసరుకు చెక్క కాదు, ఎథనాల్!

డబ్బుంది, అడవి ఉంది. మరి ఎక్కడ చెడింది? ఆ ఒక్క కంపెనీ కష్టాలు అనేకం. అయితే ఈ దారిలో నడిచిన వాళ్లందరికీ ఎదురయ్యే గండం ఒకటుంది.

చెక్కకు చాలీచాలని ఆక్సిజన్ గానీ, నీటి ఆవిరి గానీ అందిస్తూ 800 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేస్తే అది పూర్తిగా మండదు. కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ కలిసిన వాయువుగా విడిపోతుంది. ఇదే సింగ్యాస్. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పెట్రోలు కరువై మన రోడ్ల మీద తిరిగిన బొగ్గు బస్సులు దీని దగ్గరి చుట్టంతోనే నడిచాయి. ఇంజనుకు కాస్త మురికి గ్యాసు పోసినా దగ్గుతూనో తుమ్ముతూనో కదులుతుంది. సింగ్యాస్‌ను ఇంధనంగా మార్చే ఉత్ప్రేరకం అలా కాదు, దానికి మడి ఎక్కువ.

చెక్క గ్యాసులో బెంజీన్, టోలీన్, నాఫ్తలీన్ వంటివి కలిసి వస్తాయి. నాఫ్తలీన్ అంటే మన బీరువాల్లో వేసే కలరా ఉండల సరుకే. ఇలాంటివాటిలో బరువైనవన్నీ కలిపి తారు అంటారు. గ్యాసు చల్లారితే ఇది గొట్టాల్లో పేరుకుని దారి మూసేస్తుంది. నీళ్లతో కడగొచ్చు. కానీ వేడి పోతుంది, విషపు మురికి నీరు మిగులుతుంది, తారులో ఉన్న కార్బన్ వృథా అవుతుంది. దాన్ని వేడి మీదనే నికెల్ ఉత్ప్రేరకంతో విరగ్గొట్టడం మేలు. అప్పుడు ఒక నాఫ్తలీన్ అణువు పది నీటి అణువులతో కలిసి పది కార్బన్ మోనాక్సైడ్, పద్నాలుగు హైడ్రోజన్ అణువులను ఇస్తుంది. అంటే మురికే సరుకవుతుంది.

అయితే నికెల్‌కు శత్రువులు ఎక్కువ. చెక్కలో ఉండే కాస్త గంధకం హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారి నికెల్ ఉపరితలాన్ని అంటిపెట్టుకుంటుంది. పైన మసి పేరుకుంటుంది. వేడికి నికెల్ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని ముద్దవుతాయి. కొలరాడోలోని గోల్డెన్ పట్టణంలో ఉన్న జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాల ఏళ్ల తరబడి పట్టుకున్న సమస్య ఇదే. వాళ్లు ఇసుకరేణువుల్లాంటి అల్యూమినా గుళికల మీద నికెల్‌తో పాటు మెగ్నీషియం, పొటాషియం చేర్చారు. పొటాషియం ఉంటే ఆవిరి మసిని త్వరగా హరిస్తుంది. గుళికలు వాయుప్రవాహంలో మరుగుతున్నట్టు కదులుతుంటాయి కాబట్టి మసి పట్టినవాటిని బయటికి తీసి, శుద్ధిచేసి మళ్లీ వాడొచ్చు. కానీ అలా రాసుకుంటూ తిరిగితే మామూలు అల్యూమినా పొడైపోతుంది. అరగని గుళికల కోసం ఆ ఊళ్లోనే ఉన్న కూర్స్‌టెక్ అనే పింగాణీ కంపెనీ సాయం తీసుకున్నారు. బీరుతో పేరుపడ్డ కూర్స్ కుటుంబానిదే ఆ కంపెనీ!

తారు పోయాక కూడా పని మిగిలే ఉంటుంది. మెథనాల్‌కైనా, కోబాల్ట్ ఉత్ప్రేరకంతో చేసే ఫిషర్–ట్రాప్ష్ డీజిల్‌కైనా ఒక పాలు కార్బన్ మోనాక్సైడ్‌కు సుమారు రెండు పాళ్ల హైడ్రోజన్ కావాలి. చెక్క గ్యాసులో అంత ఉండదు. ఆవిరి కలిపి పాళ్లు సరిచేస్తారు. మెథనాల్ చేసే రాగి–జింకు ఉత్ప్రేరకమైతే పది లక్షల పాళ్లలో ఒక్క పాలు గంధకానికే నీరసించిపోతుంది. గంధకంతోనే బతికే మాలిబ్డినం సల్ఫైడ్ రకాలూ ఉన్నాయి. వాటికి ఒత్తిడి బాగా ఎక్కువ కావాలి, పైగా రకరకాల ఆల్కహాళ్లు కలగలిసి వస్తాయి.

లోహాలతో వేగలేక కొందరు బ్యాక్టీరియాను నమ్ముకున్నారు. ఫ్లోరిడాలోని వీరో బీచ్‌లో ఐనియోస్ బయో 2013లో ఎథనాల్ ఉత్పత్తి మొదలైందని ప్రకటించింది. గ్యాసులోని హైడ్రోజన్ సయనైడ్ ఆ సూక్ష్మజీవుల పాలిట విషమైంది. మరోవైపు, నెవాడాలో చెత్త నుంచి ముడి ఇంధనం తీసిన ఫల్క్రమ్ కంపెనీ 2024లో దివాలా తీసింది.

ఇప్పుడు మన దగ్గరా వరిగడ్డి, పత్తికట్టె నుంచి ఇంధనం తీయాలన్న మాట వినిపిస్తోంది. గడ్డిలో చెక్కలో కంటే బూడిద, క్లోరిన్ ఎక్కువ, కాబట్టి శుద్ధి ఇంకా కష్టం. ఎన్ని టన్నుల గడ్డి కొంటారని రైతులు అడగాల్సిందే. వాళ్లతోపాటు మనమూ ఒకటి అడుగుదాం: ఇదే గడ్డి గ్యాసుతో మీ ఉత్ప్రేరకం ఎన్ని వేల గంటలు ఆగకుండా పనిచేసింది?