పాత కారు – తుప్పు

మా బేస్తవారిపేటలో వాన పడు దినములు తక్కువ. సముద్రము తూర్పున చాల దూరమున నున్నది. ఉప్పుగాలి మా దాక రాదు. కావున ఇచ్చటి ఇనుమునకు తుప్పు భయము లేదని చాలకాలము నమ్మియుంటిని. ఆ నమ్మకమును పోగొట్టినది మా నాయనగారి అంబాసిడరు కారు.

నాయనగారు కాలము చేసిన పిమ్మట ఆ కారు రెండేండ్లు ఇంటిముందరి వేపచెట్టు క్రింద నిలిచియుండెను. రంగు చెడకుండునని ప్లాస్టిక్ పట్టా కప్పితిమి. ఒకనాడు కంభము పోవలెనని పట్టా తీయగా ముందరి చక్రములో గాలి లేదు. మా అబ్బాయి తలుపుల క్రింది రేకుదూలమునకు జాకీ ఆనించి ఎత్తసాగెను. కర్రుమని శబ్దమయ్యెను. కారు లేవలేదు, జాకీ తలయే దూలములోనికి దిగిపోయెను. వాడు చేయి వెనుకకు తీసికొనుటలో క్షణము ఆలస్యమైనచో ఏమయ్యెడిదో! పైరంగు మాత్రము అద్దమువలె మెరయుచునే యున్నది.

మెకానిక్కు వచ్చి లోపలి రబ్బరు చాపనెత్తి, స్క్రూడ్రైవరుతో నేలరేకును పొడిచెను. మూడుచోట్ల అది తడిసిన అట్టవలె చినిగెను. "ఇది నిన్న మొన్నటిది కాదు సార్, ఏండ్లనాటిది" అనెను.

ఇనుము తుప్పు పట్టుటకు నీరు, ప్రాణవాయువు రెండును కావలెను. మరిగించి, పైన నూనె పోసి గాలి చొరనీయని నీటిలో మేకు వేసియుంచిన తుప్పు పట్టదు. పాఠశాలలో పిల్లలు చేసి చూచు ప్రయోగమే ఇది. నీటిలో ఉప్పు చేరినచో వేగము హెచ్చును. తుప్పుగా మారిన ఇనుము మునుపటికంటె ఎక్కువ చోటు ఆక్రమించును. అందుచేతనే రంగు క్రింద బొబ్బ లేచును. అల్యూమినియముపై నేర్పడు పొర ఆ లోహమును కాపాడును గాని, తుప్పు పొరలుగా రాలిపోయి లోపలి ఇనుమును మరల గాలికి అప్పగించును. (నిఘంటువులలో దీనికి 'త్రుప్పు' అను రూపము కలదు. రాగికి, ఇత్తడికి పట్టునది చిలుము. విద్యార్థులు ఈ రెంటిని కలిపివేయుట ఏటేట చూచుచున్నాను.)

అనగా దోషము వానది కాదు, నిలువయున్న తేమది. పట్టా క్రింద నేలతేమ ఆవిరియై, రాత్రి చల్లబడి రేకుపై బిందువులుగా నిలిచినది. వేపాకు ముందద్దము క్రింది సందులో కుళ్ళి నీటిని పట్టియుంచినది. తలుపుల అడుగున నీరు కారిపోవుటకుండు చిన్న రంధ్రములను దుమ్ము పూడ్చివేసినది.

తుప్పుపై రంగు పూయుట వ్యర్థము. నేనును ఒకమారు పూయించి, వానకాలము వెళ్ళకమునుపే బొబ్బలు చూచితిని. తీగెబ్రష్షుతోను, గరుకు కాగితముతోను మెరయు లోహము కనబడువరకు గీకవలెను. గుంటలలో మిగిలినదానికి ఫాస్ఫారిక్ ఆమ్లపు ద్రావణము పూసినచో అది ఇనుప ఫాస్ఫేటుగా మారును, చేతికి తొడుగులుండవలెను. బాగుగా ఆరిన పిమ్మట ఆలస్యము చేయక రెడ్ ఆక్సైడు, ఆపైని రంగు. రేకు చిల్లులు పడినచోట పుట్టీ నింపుట కన్నులను మోసగించుటయే. చెడినంతమేర కోసి క్రొత్తరేకు వెల్డింగు చేయవలసినదే. అంతకుముందు బ్యాటరీ విప్పవలెను, పెట్రోలు ట్యాంకును దూరముగా తీయవలెను. చేయి దూరని బోలుదూలములలో మైనము గాని నూనె గాని చిమ్మించవలెను.

ఢిల్లీలో గుప్తులనాటి ఇనుపస్తంభము సుమారు 1600 ఏండ్లుగా నిలిచియున్నది. ఆ ఇనుములో భాస్వరము హెచ్చుగా నుండుటచే రక్షకమగు పొర యేర్పడినదని కాన్పూరు ఐ.ఐ.టి. ఆచార్యులు ఆర్. బాలసుబ్రహ్మణ్యం పరిశోధించి చెప్పిరి. మెకానిక్కు సీసాలోని ఆమ్లమునందున్నదియు ఆ భాస్వరమే!

అంబాసిడరు తయారీ 2014లో నిలిచిపోయినది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ననుసరించి 15 ఏండ్లు దాటిన సొంత కారునకు అయిదేండ్లకొకమారు రిజిస్ట్రేషను పునరుద్ధరించుకొనవలెను. అప్పుడు బండిని పరీక్షింతురు. పాత ఇనుమునకు అమ్మివేయుమని ఇంటివారందరు చెప్పిరి. అమ్మ మాత్రము ఏమియు ననలేదు. ముందరి సీటుపై దుమ్ము తుడిచి వచ్చినది.

నేలరేకు మార్పించితిని. కారు ఇప్పుడు రేకుల పందిరి క్రింద, మార్కాపురపు పలకరాతి బండలమీద నున్నది. తలుపులడుగు రంధ్రములలో నెలకొకమారు చీపురుపుల్ల దూర్చి చూచుచున్నాను. పట్టా మడిచి అటకపై పడవేసితిమి.