నేపాల్ పల్లెకు విద్యార్థి వాలంటీర్లు: సాయం ఎవరికి అందుతోంది?

కఠ్మాండులోని త్రిభువన్ విమానాశ్రయంలో దిగే విదేశీయుల్లో చాలామంది కొండలెక్కడానికి వస్తారు. కొందరు మాత్రం పల్లె బడిలో పాఠాలు చెప్పడానికో, గోడలు కట్టడానికో, పిల్లల ఆశ్రమంలో పనిచేయడానికో వస్తారు. వీరిలో విద్యార్థులు కూడా ఉంటారు. రెండు మూడు వారాలు ఉచితంగా పనిచేయడం కోసం చాలామంది ఎదురు డబ్బు కడతారు.

ఇది పాశ్చాత్య దేశాల వ్యవహారం మాత్రమే కాదు. హైదరాబాద్‌లోనూ శాఖ ఉన్న ఐసెక్ లాంటి విద్యార్థి సంస్థలు ఆరు నుంచి ఎనిమిది వారాల విదేశీ వాలంటీర్ ప్రాజెక్టులకు మన విద్యార్థులనూ పంపుతుంటాయి. కాబట్టి ఈ ప్రయాణాలు ఎలా నడుస్తాయో, వాటి ప్రభావం ఎవరి మీద పడుతుందో మనమూ తెలుసుకోవాలి.

వీసా దగ్గరే మొదలయ్యే చిక్కు

నేపాల్‌లో దిగాక ఇచ్చే టూరిస్టు వీసాకు 15 రోజులకైతే 30 డాలర్లు, 30 రోజులకు 50, 90 రోజులకు 125 డాలర్లు కట్టాలి. ఆ వీసా మీద జీతానికి గానీ, జీతం లేకుండా గానీ పనిచేయకూడదన్నది అక్కడి నిబంధన. అయినా స్వల్పకాలిక వాలంటీర్లలో చాలామంది ఈ వీసాతోనే లోపలికి వెళ్తారు. భారతీయులకైతే వీసానే అక్కర్లేదు. పాస్‌పోర్టు లేదా ఓటరు కార్డు చాలు.

ఇది కాగితాల గొడవలా కనిపించవచ్చు. కానీ వచ్చిన వ్యక్తి రికార్డుల్లో పర్యాటకుడే అయితే అతను ఏ ఊళ్లో ఏం పని చేస్తున్నాడో, అతని నేపథ్యం ఏమిటో అడిగే బాధ్యత ఎవరికీ ఉండదు. పని పిల్లలతో అయినప్పుడు అది చిన్న లోపం కాదు.

తల్లిదండ్రులున్న 'అనాథలు'

1996 నుంచి 2006 వరకు నేపాల్‌లో మావోయిస్టులకు, ప్రభుత్వానికి మధ్య అంతర్యుద్ధం నడిచింది. హుమ్లా లాంటి మారుమూల జిల్లాల్లో పిల్లలను మావోయిస్టులు తీసుకెళ్తారనే భయం ఉండేది. కఠ్మాండులో చదివిస్తామంటూ దళారులు వచ్చారు. తల్లిదండ్రులు అప్పో సప్పో చేసి వాళ్ల చేతికి డబ్బిచ్చి మరీ పిల్లలను పంపారు. నగరానికి చేరాక ఆ పిల్లల్లో కొందరు కాగితాల మీద అనాథలైపోయారు.

యుద్ధం ముగిసినా ఆ ఏర్పాటు ముగియలేదు. 2015 భూకంపానికి ముందు నేపాల్ ఆశ్రమాల్లో సుమారు 15,000 మంది పిల్లలుండగా, వారిలో 85 శాతం మందికి తల్లిదండ్రుల్లో కనీసం ఒకరు బతికే ఉన్నారని యునిసెఫ్ చెప్పింది. ఆశ్రమాలు ఎక్కువగా ఉన్నది కూడా పేద కొండ జిల్లాల్లో కాదు. కఠ్మాండు, లలిత్‌పూర్, భక్తపూర్, పొఖరా ఉన్న కాస్కీ, చిత్వన్ జిల్లాల్లోనే. అంటే పర్యాటకులు తిరిగే చోట.

దీని వెనకున్న లెక్క తేలికే. వాలంటీర్ కట్టే ఫీజు, ఇంటికి వెళ్లాక పంపే విరాళం ఆశ్రమానికి ఆదాయం. పిల్లలుంటేనే వాలంటీర్లు వస్తారు. కాబట్టి పిల్లలను ఇంటికి చేర్చడం కంటే ఉంచుకోవడమే నిర్వాహకుడికి లాభం. నెలకో కొత్త ముఖాన్ని చూసి దగ్గరవడం, విడిపోవడం పిల్లలకు అలవాటుగా మారుతుంది. వచ్చిన విద్యార్థి మనసు మంచిదే అయినా ఈ లెక్క మారదు.

భూకంపం తర్వాత నేపాల్ ప్రభుత్వం కొత్త ఆశ్రమాల రిజిస్ట్రేషన్‌ను, విదేశీ దత్తతలను నిలిపేసింది. తల్లిదండ్రులు లేదా సంరక్షకులు లేకుండా పిల్లల ప్రయాణాన్ని నిషేధించింది. 2018లో వచ్చిన బాలల చట్టం ప్రకారం సంస్థలో ఉంచడం చిట్టచివరి మార్గమే కావాలి. అనాథాశ్రమాల్లో విదేశీ వాలంటీరింగ్ వల్ల కలిగే హానిని 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ కూడా ఒక తీర్మానంలో ప్రస్తావించింది.

గోడ ఎవరు కట్టాలి?

2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో వచ్చిన భూకంపంలో సుమారు 9 వేల మంది చనిపోయారు. దాదాపు 5 లక్షల ఇళ్లు నేలమట్టమయ్యాయి. తర్వాత ప్రభుత్వం ఇల్లు కోల్పోయిన కుటుంబానికి 3 లక్షల నేపాలీ రూపాయలను విడతలుగా ఇచ్చింది. భూకంపాన్ని తట్టుకునేలా కట్టారని తేలితేనే తర్వాతి విడత అందేది.

అక్కడ కొరత ఇటుకలు మోసేవాళ్లకు కాదు, పని తెలిసిన తాపీ మేస్త్రీలకు. ఎందుకంటే ఊళ్లలోని మగవాళ్లు చాలామంది గల్ఫ్‌లోనో మలేసియాలోనో ఉన్నారు. అందుకే ఊళ్లో ఉన్నవాళ్లకు, మహిళలకు కూడా, మేస్త్రీ పనిలో శిక్షణ ఇచ్చారు. తాపీ పట్టుకోవడం తెలియని విద్యార్థి అక్కడ దిగితే అతనికి పని నేర్పడమే మేస్త్రీకి అదనపు పని. అతని విమాన టికెట్ డబ్బుతో స్థానిక మేస్త్రీకి ఎన్ని రోజుల కూలీ ఇవ్వొచ్చో లెక్కేసుకోవచ్చు.

దీనికి ఎదురు వాదన కూడా ఉంది. టికెట్ డబ్బు పంపమంటే చాలామంది పంపరు, వెళ్లి చూస్తేనే ఇస్తారు. హోమ్‌స్టేలో ఉంటే ఆ అద్దె నేరుగా ఊరి కుటుంబానికి చేరుతుంది. ఈ రెండూ నిజమే. అయితే అప్పుడు ఊరికి పనికొచ్చింది అతను అతిథిగా రావడం. దానికి సాయం అని పేరు పెట్టనవసరం లేదు.

1968లోనే వచ్చిన విమర్శ

మెక్సికో పల్లెలకు వేసవిలో వెళ్లే అమెరికా విద్యార్థుల సభలో 1968 ఏప్రిల్ 20న ఇవాన్ ఇలిచ్ అనే ఆలోచనాపరుడు దాదాపు ఇదే చెప్పారు. చూడటానికి, నేర్చుకోవడానికి రండి, ఉద్ధరించడానికి రావద్దన్నారు. మీ భాష అర్థమై, మీరు అక్కర్లేదని ముఖం మీద చెప్పగలిగే పేదల మధ్య పనిచేయండన్నది ఆయన సలహా. ఊరివాళ్లకు కాదనే అవకాశం ఉందా లేదా అన్నదే ఆయన లేవనెత్తిన అసలు విషయం.

అలాగని బయటివాళ్లు చేసిందంతా వృథా కాదు. 1934 జనవరి 15న బిహార్, నేపాల్‌లను కుదిపేసిన భూకంపం తర్వాత స్విట్జర్లాండ్ ఇంజినీర్ పియర్ సెరెసోల్ చిన్న బృందంతో ముజఫర్‌పూర్ ప్రాంతానికి వచ్చి ఊళ్లను తిరిగి కట్టే పనిలో చేరారు. 1937 దాకా మళ్లీ మళ్లీ వచ్చారు. 1962లో నేపాల్‌లో మొదలైన అమెరికా పీస్ కోర్‌లో సేవాకాలం రెండేళ్లు. దానికి ముందు భాషతో కలిపి సుమారు మూడు నెలల శిక్షణ ఉంటుంది. ఆ పద్ధతి మీదా విమర్శలున్నాయి. కానీ నైపుణ్యం, భాష, సమయం లేకుండా సాయం సాధ్యం కాదన్న అవగాహన వాటిలో ఉంది.

వెళ్లే ముందు ఏం అడగాలి?

ఈ పని కావాలని అడిగింది ఊరా, ప్రోగ్రాం నడిపే సంస్థా? నేను వెళ్లిపోయాక దాన్ని ఎవరు కొనసాగిస్తారు? నేను కట్టే ఫీజులో ఊరికి చేరేదెంత? పిల్లల దగ్గరికి పంపే ముందు నా పోలీసు రికార్డు చూస్తారా? వీటికి కాగితం మీద జవాబివ్వని సంస్థతో వెళ్లకపోవడమే మంచిది. అనాథాశ్రమం పని అయితే రెండు వారాల కోసం ఒప్పుకోకూడదు.

మరో పరీక్ష కూడా ఉంది. శిక్షణ లేని, తెలుగు రాని 19 ఏళ్ల విదేశీ విద్యార్థి మన ఊరి బడికి వచ్చి రెండు వారాలు పాఠం చెప్పి, పిల్లలతో ఫొటోలు దిగి వెళ్తానంటే హెడ్మాస్టరు ఏమంటారు? తల్లిదండ్రులు ఏమంటారు? నేపాల్ పల్లెలోని తల్లిదండ్రులకూ ఆ మాట అనే హక్కు ఉంది. మనం ఎంచుకునే ప్రోగ్రాంలో వాళ్లను ఎవరైనా అడిగారో లేదో ముందే కనుక్కోవాలి.