తెర వెలగకుంటే బెంబేలు వద్దు

పెనుమూడి (రేపల్లె): మీట నొక్కగానే కంప్యూటర్‌లో ఫ్యాను తిరుగుతుంది, లైటు వెలుగుతుంది. మానిటర్ మాత్రం నల్లగానే ఉంటుంది. హార్డ్ డిస్క్ పోయిందని, అందులోని లెక్కలు, ఫొటోలు, ధ్రువపత్రాలు ఇక దక్కవని చాలామంది హడలిపోతారు. హార్డ్ డిస్క్ చెడినా సాధారణంగా తొలి అక్షరాలు తెరపై కనిపిస్తాయి. తెర పూర్తిగా చీకటైతే లోపం ఎక్కువగా వేరేచోట ఉంటుంది.

ముందుగా మానిటర్ లైటును గమనించాలి. అసలు వెలగకుంటే విద్యుత్తు అందుతోందో లేదో చూడాలి. నారింజ రంగులో ఉంటే సాధారణంగా సీపీయూ నుంచి సంకేతం రావడం లేదని అర్థం. కేబుల్‌ను రెండువైపులా ఊడదీసి మళ్లీ బిగించాలి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే దానికే తగిలించాలి.

ఫలితం లేకుంటే ర్యామ్‌ను పరీక్షించాలి. కృష్ణా తీరంలో, సముద్రానికి చేరువలో ఉన్న పెనుమూడి వంటి గ్రామాల్లో తేమగాలికి దాని అంచు మసకబారే అవకాశం ఉంది. ప్లగ్ తీసి, పవర్ మీటను కొన్ని సెకన్లు నొక్కి ఉంచి, ఆ తర్వాతే కేసు తెరవాలి. ర్యామ్‌ను తీసి, పసిడిరంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మృదువుగా తుడిచి, క్లిప్పులు టక్కుమనేలా అమర్చాలి. రెండుంటే ఒక్కొక్కటే పెట్టి చూడాలి.

అప్పటికీ వెలగకుంటే మెకానిక్‌కు చూపించాలి. ఎస్‌ఎంపీఎస్‌ను, పాత గాజుతెర మానిటర్‌ను సొంతంగా విప్పరాదు. ప్లగ్ తీసినా వాటిలో ప్రమాదకరమైన విద్యుత్తు నిల్వ ఉండవచ్చు. మరమ్మతుకు ఇచ్చేటప్పుడు హార్డ్ డిస్క్‌ను ఫార్మాట్ చేయవద్దని స్పష్టంగా చెప్పాలి. వెలగని తెరకు అది మందు కాదు.