పగడాల తొట్టెకు మెటల్ హాలైడ్ దీపం: వాటేజి ఎంపిక

పగడపు జీవుల కణజాలంలో జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు సహజీవనం చేస్తాయి. కిరణజన్య సంయోగక్రియ ద్వారా అవి తయారుచేసే ఆహారంలో అధిక భాగం పగడానికే చేరుతుంది. ఆ కారణంగా ఉప్పునీటి తొట్టెపై అమర్చే దీపం ఎంపిక పగడం మనుగడకు సంబంధించిన విషయం.

లీటరుకు ఇన్ని వాట్లు అనే లెక్క ఇక్కడ పనికిరాదు. వాట్ అన్నది దీపం వాడుకునే విద్యుత్తుకు కొలత. పగడానికి అందే కాంతిని అది తెలుపదు. శైవలాలకు ఉపకరించే 400–700 నానోమీటర్ల కాంతిని క్వాంటం మీటరుతో కొలవాలి. మెత్తని పగడాలకు చదరపు మీటరుకు సెకనుకు సుమారు 50–150 మైక్రోమోళ్లు చాలు. అక్రోపొరా వంటి రాతి పగడాలకు 200–400 వరకు కావాలి. 20,000 కెల్విన్ నీలి దీపం సాధారణంగా అదే వాటేజి గల 10,000 కెల్విన్ దీపం కంటే తక్కువ కాంతినిస్తుంది.

వాడుకలో 45 సెం.మీ. లోతు వరకు 150 లేదా 175 వాట్లు, 60 సెం.మీ. వరకు 250, అంతకు మించితే 400 వాట్ల దీపాలను అమర్చుతారు. తొట్టె పొడవులో ప్రతి 60 సెం.మీ.కు ఒక దీపం అవసరం. మంచి పరావర్తకం ఉంటే ఒక మెట్టు తగ్గించుకోవచ్చు. బ్యాలాస్ట్ మాత్రం దీపం వాటేజికి సరిపోయినదే కావాలి.

అసలు చిక్కు వేడితోనే. 250 వాట్ల దీపం 8 గంటలు వెలిగితే 2 యూనిట్లు ఖర్చవుతాయి. ఆ శక్తి అంతా 200 లీటర్ల నీటిలోకే చేరిందనుకుంటే ఉష్ణోగ్రత దాదాపు 9 డిగ్రీలు పెరుగుతుంది. వాస్తవంలో చాలా వేడి గాలిలోకి పోతుంది. అయితే పగడాలకు అనువైనది 24–27 డిగ్రీలు. కోస్తా జిల్లాల్లో వేసవి గది ఉష్ణోగ్రతే 30 దాటుతుంది. శీతలీకరణ యంత్రం లేనిదే 400 వాట్ల ఆలోచన చేయరాదు.

కాంతి అవసరానికి మించినా హానికరమే. కాంతి నిరోధం ఏర్పడి, శైవలాలను కోల్పోయి పగడం తెల్లబారుతుంది. కొత్త పగడాన్ని తొలుత అడుగున ఉంచి, కొన్ని వారాల్లో క్రమంగా పైకి జరపాలి. రెండు కొనల దీపానికి అతినీలలోహిత కిరణాలను ఆపే గాజుపలక తప్పనిసరి.

ఈ దీపాల కాంతి వాడకంతో క్షీణిస్తుంది కనుక 10–12 నెలలకు మార్చడం పరిపాటి. పాత దీపం మసకకు అలవాటుపడిన పగడంపై కొత్త దీపాన్ని ఒక్కసారిగా పూర్తి సమయం వెలిగించరాదు. మొదటి వారం 3–4 గంటలతో ఆరంభించి, ఆపై నెమ్మదిగా పెంచాలి.