మెట్ల దారిలో 'హ్యావ్', 'హ్యాడ్'

అలిపిరి పాదాల మండపం దగ్గర మొక్కి మెట్లెక్కడం మొదలుపెట్టామో లేదో, పక్కన నడుస్తున్న ఉత్తరాది ఆవిడ ఇంతకుముందు ఎప్పుడైనా ఎక్కారా అని ఇంగ్లీషులో అడిగింది. "ఎస్, ఐ హ్యావ్ క్లైంబ్డ్ లాస్ట్ ఇయర్" అన్నాను ధీమాగా. పదో తరగతి చదివే మా అమ్మాయి నా చెయ్యి గిల్లి "తప్పుమా!" అంది.

బీఏ చదివినదాన్ని! పోయిన నెల ఒక స్కూల్లో టీచరు ఉద్యోగానికి వెళ్లి "ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్" అన్నప్పుడు ఎదుటివాళ్లు ముసిముసిగా నవ్వుకున్నారు. వచ్చే వారం ఇంకోచోటికి వెళ్లాలి. ఉన్నవి 3,550 మెట్లు, కావలసినంత టైము. సిగ్గు విడిచి దాన్నే చెప్పమన్నాను.

"ఎప్పుడు ఎక్కినావో చెప్తే హ్యావ్ వద్దుమా. 'ఐ క్లైంబ్డ్ లాస్ట్ ఇయర్', అంతే. ఎప్పుడో చెప్పకుండా, ఎక్కిన అనుభవం ఉందని మాత్రం చెప్తే 'ఐ హ్యావ్ క్లైంబ్డ్'."

మనకు రెండింటికీ 'ఎక్కినాను' చాలు కదా, అక్కడే చిక్కు. 'రాలేదు' అనే మాట చూడండి. 'నిన్న రాలేదు' అంటే 'డిడ్ నాట్ కమ్'. 'ఇంకా రాలేదు' అంటే 'హ్యాజ్ నాట్ కమ్'. మన క్రియ కదల్లేదు, 'ఇంకా' అన్న చిన్న మాటే తేడా చెప్పేసింది. ఇంగ్లీషులో ఆ పని క్రియ కూడా చెయ్యాలి. పన్నెండు గళ్ల టెన్సుల పట్టిక బట్టీపట్టిన రోజుల్లో ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు. (అమెరికా వాళ్లు మాత్రం 'ఐ ఆల్‌రెడీ ఏట్' అనేస్తారట. అదృష్టవంతులు!)

గాలిగోపురం చేరేసరికి మావారు అప్పటికే కాఫీ తాగేసి కూర్చున్నారు. "ఇదిగో హ్యాడ్!" అంది అమ్మాయి. మేం చేరడమూ, ఆయన తాగడమూ రెండూ అయిపోయినవే. ముందు అయినదానికి హ్యాడ్. 'వెన్ వుయ్ రీచ్డ్, హి హ్యాడ్ ఫినిష్డ్ హిజ్ కాఫీ.' మొక్కినాం, ఎక్కినాం, దిగినాం అని వరసగా చెప్పుకుపోతే హ్యాడ్‌తో పనిలేదు. 'చీకటిపడేకల్లా ఎక్కేసి ఉంటాం' అంటే 'విల్ హ్యావ్ రీచ్డ్'.

ఇక నా పదేళ్ల సంగతి. 'ఉంటున్నాను' అని మనసులో అనుకోగానే నోట్లోకి 'యామ్' వచ్చేస్తుంది. అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్నదానికి 'హ్యావ్ బీన్' కావాలి. ఇన్నేళ్లు అని లెక్క చెప్తే 'ఫర్', మొదలైన ఏడు చెప్తే 'సిన్స్ 2015' లాగా.

మోకాళ్ల పర్వతం దగ్గర ఆయాసంతో కూలబడితే ఉత్తరాది ఆవిడ మళ్లీ కలిసి, తిరుపతిలో ఎన్నాళ్లుగా ఉంటున్నారని అడిగింది. ఊపిరి తీసుకున్నాను.

"ఐ హ్యావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్."

ఆవిడ మామూలుగా తలూపింది. మా అమ్మాయి గిల్లలేదు.