బర్మాలో పోయిన తండ్రి ఆచూకీ



మా సంఘములో ఎనభై దాటిన ఒక తల్లి ఉన్నారు. ఒక సాయంకాలము ఆమె వెలిగండ్లలో మా ఇంటికి వచ్చి, కొంగున ముడివేసి తెచ్చిన వస్తువును మా చేతిలో పెట్టారు. అది నల్లబడిపోయిన మిలిటరీ పతకము.

"మా నాయన బర్మా యుద్ధానికి పోయాడంట అయ్యగారూ. అప్పటికి నేను చంటిబిడ్డను. చనిపోయాడని తంతి వచ్చింది గానీ, యాడ పూడ్చారో చెప్పినోళ్లు లేరు. తిరిగొస్తాడేమోనని మా అమ్మ చివరిదాకా నల్లపూసలు తియ్యలేదు. నేను పోయేలోగా ఆ సంగతి తెలుసుకోవాలని ఉంది" అన్నారు.

మేము చదివినది వేదాంతము గాని యుద్ధ చరిత్ర కాదు. అయినను ఆ మాట విని ఊరకుండలేకపోయాము.

పతకాన్ని వెలుతురులో తిప్పి చూడగా, అంచు మీద సన్నని ఇంగ్లీషు అక్షరాలు కనబడ్డాయి. రెండవ ప్రపంచయుద్ధములో మన దేశపు సిపాయిలకిచ్చిన పతకాలపై వారి నంబరు, పేరు, దళము చెక్కించేవారు. ఈమె తండ్రి మద్రాసు రెజిమెంటులో కాల్బలపు సిపాయి. దక్షిణాది వారు యుద్ధానికి పనికిరారన్న తప్పుడు అభిప్రాయము ప్రబలిన రోజులలో, 1920ల నాటికి పాత మద్రాసు పటాలములను రద్దు చేశారు. యుద్ధము ముంచుకొచ్చి మనుషులు కావలసి వచ్చినప్పుడు, 1941లో మరల మద్రాసు రెజిమెంటును లేపారు. దాని పటాలములు బర్మాలో జపానువారితో పోరాడాయి.

రెండు ప్రపంచయుద్ధాలలో చనిపోయిన సైనికుల లెక్కను 1917లో ఏర్పడిన కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ అనే సంస్థ భద్రపరుస్తున్నది. సుమారు 17 లక్షల పేర్లు అందులో ఉన్నాయి. ఇంటర్నెట్‌లో ఎవరైనను ఉచితముగా చూడవచ్చు. మేమును సంఘ యువకులును కూర్చొని, పేరు కొట్టి, ప్రకాశం జిల్లా అని వెదికాము. ఏమియు దొరకలేదు. మూడు దినములు అలాగే గడిచాయి.

పొరపాటు మాదే. ఆయన చనిపోయిన నాటికి ప్రకాశం జిల్లా ఎక్కడిది? ఆ జిల్లా ఏర్పడినదే 1970లో. అంతకుముందు మన కనిగిరి తాలూకా నెల్లూరు జిల్లాలోనిది. మార్కాపురం, గిద్దలూరు వారైతే కర్నూలు జిల్లా వారు. పైగా ఇంగ్లీషు గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా వ్రాసిన పేరు! ఈసారి పేరు పక్కన పెట్టి, సిపాయి నంబరుతో వెదికాము. ఆయన కనబడ్డారు. మరణించిన తేదీ, తండ్రి పేరు, ఊరు, చివర "నెల్లూరు" అని ఉన్నది.

సమాధి మాత్రము లేదు. దేహము దొరకని వారి కొరకు రంగూనుకు ఉత్తరాన తౌక్యాన్ యుద్ధ శ్మశానములో కట్టిన స్మారక స్తంభాల మీద ఆయన పేరున్నది. అక్కడ సుమారు 27 వేల పేర్లున్నాయి.

ఈ సంగతి ఆ తల్లికెట్లు చెప్పవలెనా అని వెనుకాడాము. ఫోనులో ఆ స్తంభాల బొమ్మ చూపి, ఉన్నది ఉన్నట్లు చెప్పాము. ఆమె చాలాసేపు చూచి, "మట్టి దొరక్కపోయినా పేరన్నా మిగిలింది గదయ్యా" అన్నారు. తరువాత, "మా అమ్మకు ఎవరన్నా ఇది చెప్పుంటే!" అని కన్నీరు పెట్టుకున్నారు.

అందరికీ ఆ పేరైనా మిగలలేదు. మొదటి ప్రపంచయుద్ధములో మెసపొటేమియాలో, అనగా నేటి ఇరాక్‌లో, చనిపోయిన వారికి బస్రాలో కట్టిన స్మారకము మీద భారతీయ అధికారుల పేర్లు చెక్కారు. 30 వేలకు పైగా సామాన్య సిపాయిలను మాత్రము దళానికింత మంది అని అంకెలతో సరిపెట్టారు. ఇట్టి వివక్ష జరిగినదని ఆ సంస్థే 2021లో ఒప్పుకొని క్షమాపణ చెప్పినది.

పాఠకులారా, మన పల్లెలలో ఎన్నో ఇండ్లలో ఇట్టి పెట్టెలున్నాయి. పాత పతకాన్ని పాత సామాన్లవానికి తూకానికి వేయవద్దు. చింతపండుతో తోమి అక్షరాలు చెరపవద్దు. అంచు మీది నంబరు వ్రాసుకొనండి. పాత పింఛను కాగితాలు, ఉత్తరాలు దాచండి. ఊరి పేరుతో వెదికేటప్పుడు ఆనాటి జిల్లా పేరు చెప్పండి. బాప్తిస్మములో పేరు మారియుంటే పాత పేరుతో కూడ వెదకండి; సంఘపు పాత రిజిస్టర్లు అక్కరకు వచ్చును. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయములోను విచారించండి. అన్నిటికంటె ముందు, ఇంటిలోని ముసలివారిని నేడే అడగండి, రేపు చెప్పేవారుండకపోవచ్చు.

మరుసటి ఆదివారము ఆరాధనలో ఆ సిపాయి పేరు బిగ్గరగా చదివి, సంఘమంతయు లేచి నిలువబడినది. ఆ తల్లి మాత్రము లేవలేక, పతకాన్ని ఒడిలో పెట్టుకొని కూర్చున్నారు.