నిండు ట్యాంకు తొణకదు

వానాకాలం, గోవా అడవి. ఎర్రమట్టి గట్టు మీంచి ఒక మారుతీ జిప్సీ ముక్కు కిందికి పెట్టి వాగులోకి దిగింది. ముందు చక్రాలు ఇరుసు దాకా కూరుకుపోయాయి. ముందు బంపరు మీద, తాడు చుట్టుకుంటూ బండిని లాగే వించ్ అయితే ఉంది, దాని తాడు కట్టడానికి దొరికిన చెట్టు మాత్రం అవతలి గట్టున ఉంది. మీట నొక్కితే బండి ఇంకా లోతుకే పోతుంది. అది రావలసిందేమో వెనక్కి. వెనక పదడుగుల దూరంలో చేవ గల మద్దిచెట్టు నిలబడి చూస్తోంది, దానికి కట్టడానికి బండి వెనక ఏమీ లేదు.

మలేసియాలో 1997లో పుట్టి, 2014లో గోవాకు వచ్చిన రెయిన్‌ఫారెస్ట్ ఛాలెంజ్ లాంటి అడవిదారి బండ్ల పోటీల్లో ఇలాంటి చిక్కు మామూలే. ముందు వించ్ తాడును బండి కింద నుంచి వెనక్కి తీసి లాగేవాళ్లు ఉన్నారు. దారిలో బ్రేకు పైపులు, ఆయిలు సంపు ఒరుసుకుంటాయి, అదొక పిచ్చి పని. అందుకే గట్టిగా పోటీపడేవాళ్లు వెనక కూడా ఒక వించ్ పెట్టుకుంటారు. వెనక్కి లాగడానికే కాదు, నిటారు పల్లం దిగేటప్పుడు బండి దొర్లిపోకుండా పట్టి ఆపడానికీ అదే దిక్కు.

మన దేశంలో 1985లో వచ్చిన మారుతీ జిప్సీని ఇలాంటి పోటీల్లో ఎక్కువగా చూస్తాం. దాన్ని వెనక నుంచి వంగి చూస్తే సమస్య కనిపిస్తుంది. వెనక ఇరుసుకూ బంపరుకూ నడుమ, చాసిస్ రెండు పట్టీల మధ్య, 40 లీటర్ల పెట్రోలు ట్యాంకు వేలాడుతూ ఉంటుంది. వించ్ కావాలనుకున్న చోటూ సరిగ్గా అదే. పాత విల్లీస్ జీపు గీసినవాళ్లు ట్యాంకును డ్రైవరు సీటు కింద పెట్టారు కాబట్టి దానికి ఈ పేచీ లేదు. కాకపోతే పెట్రోలు మీద కూర్చుని యుద్ధానికి వెళ్లాలి!

ఎంత చోటు కావాలో లెక్క వేద్దాం. మామూలు విద్యుత్ వించ్ పొడవు దాదాపు 55 సెంటీమీటర్లు, లోతు 16, ఎత్తు 22. గుణిస్తే 19 లీటర్ల పైచిలుకు. అంటే ట్యాంకులో దాదాపు సగం! బిగించే పలక, తాడు బయటికి వచ్చే రోలర్లు దీనికి అదనం. వించ్‌ను బంపరు వెనక బయటికి వేలాడదీస్తే ట్యాంకు జోలికి పోనక్కర్లేదు గానీ, గట్టు ఎక్కేటప్పుడు మొదట నేలకు తగిలేది అదే అవుతుంది. పైగా ఇరుసుకు వెనక 70 సెంటీమీటర్ల దూరంలో, పలకా రోలర్లతో కలిపి 60 కిలోలు వేలాడితే, 2,375 మిల్లీమీటర్ల చక్రాల ఎడం ఉన్న జిప్సీలో ముందు ఇరుసు మీద దాదాపు 18 కిలోల బరువు తేలిపోతుంది. చిన్నపిల్లల తూగుడుబల్ల లెక్కే.

కొంత చోటు వించ్ దగ్గరే మిగుల్చుకోవచ్చు. వించ్ మీద రాసి ఉండే లాగుడు బలం డ్రమ్ము మీద మొదటి వరుస తాడుకే వర్తిస్తుంది. సంక్రాంతికి గాలిపటాలు ఎగరేసినవాళ్లకు ఈ సంగతి చేతికి తెలుసు. చరఖా నిండుగా ఉన్నప్పుడు ఒక్క తిప్పుకు బోలెడు దారం చుట్టుకుంటుంది, కాని అవతల బరువుంటే తిప్పడం కష్టం. 64 మిల్లీమీటర్ల డ్రమ్ము మీద 9 మిల్లీమీటర్ల తాడు నాలుగు వరుసలు పడితే, తాడు లాగే వ్యాసార్ధం 36.5 నుంచి 63.5 మిల్లీమీటర్లకు పెరుగుతుంది. మోటారు మెలితిప్పే బలం మారదు కనుక, 4,300 కిలోల వించ్ కాస్తా రెండున్నర టన్నుల దగ్గరికి దిగిపోతుంది. వెనక వించ్‌కు పొడవాటి తాడు అవసరం రాదు. పొట్టి డ్రమ్ము, పొట్టి తాడు పెడితే చోటూ మిగులుతుంది, బలమూ తగ్గదు. ఇంకా బలం కావాలంటే చెట్టుకు గిలక కట్టి తాడును బండికే తిరిగి తగిలిస్తే లాగుడు దాదాపు రెట్టింపు.

ఇక ట్యాంకు సంగతి. దారులు మూడు. పాతదాన్ని కోసి మూల తీసేయడం, చిన్నది కొత్తగా చేయించడం, లేదా ట్యాంకునే వెనక సీట్ల చోటికి ఎత్తేయడం. మెకానిక్కు మొదట చెప్పేది మొదటిదే. చవక, ఒక్కరోజు పని. నా మాట వింటే దాని జోలికి పోవద్దు.

ఎందుకంటే ఇక్కడ మన అంచనా తలకిందులవుతుంది. నిండా పెట్రోలున్న ట్యాంకు చూస్తే భయం వేస్తుంది, ఖాళీ ట్యాంకు చూస్తే ధైర్యం వస్తుంది. నిజానికి మండేది ద్రవం కాదు, ఆవిరి. అదీ గాలిలో 1.4 శాతం నుంచి 7.6 శాతం మధ్య ఉంటేనే. పెట్రోలున్న ట్యాంకులో, ద్రవం పైన ఉండే చోట ఆవిరి మరీ చిక్కగా ఉంటుంది, మండటానికి చాలినంత గాలి ఉండదు. ట్యాంకు ఒంపేసి ఎండలో బోర్లించి పెట్టామనుకోండి, గాలి లోపలికి వస్తుంది, ఆవిరి పలచబడుతుంది, సరిగ్గా పేలే పాళ్లలోకి దిగుతుంది. 40 లీటర్ల ఖాళీ ట్యాంకును ఆ 1.4 శాతానికి చేర్చడానికి ఎంత పెట్రోలు కావాలి? సుమారు మూడు మిల్లీలీటర్లు. టీ చెంచా కూడా నిండదు. ట్యాంకు రేకులు కలిసే అతుకుల్లో, తుప్పు పొక్కుల్లో అంతకన్నా ఎక్కువే దాక్కుంటుంది. కడిగాక ముక్కు పెట్టి వాసన చూస్తే ఏమీ ఉండదు. వెల్డింగు వేడి తగలగానే అతుకులోంచి ఊరి వస్తుంది. మూసిన డబ్బాలో అది అంటుకుంటే లోపలి పీడనం వాతావరణ పీడనానికి ఏడెనిమిది రెట్లు అవుతుంది. మిల్లీమీటరు రేకు అంతదాకా ఆగదు.

గ్రైండరుతో కోస్తే మంట ఉండదు కదా అంటారు. దాని నిప్పురవ్వలు చాలు. పెట్రోలు ఆవిరి అంటుకోవడానికి కావలసిన శక్తి మిల్లీజౌలులో మూడో వంతు కూడా ఉండదు.

ఆటోనగర్లలో లారీ ట్యాంకులు అతికే పాతకాలపు పనివాళ్లకు ఈ శాతాలు తెలియకపోయినా ఉపాయం తెలుసు. ఒకసారి అలాంటి షెడ్డులో కూర్చుని చూశాను. ఆయన ట్యాంకును సబ్బునీళ్లతో మూడుసార్లు గిలకొట్టి, తర్వాత చిల్లు పైకి వచ్చేలా ఓరగా ఆనించి, గొట్టం పెట్టి నీళ్లు నింపుతూ పోయాడు. చిల్లుకు రెండు వేళ్ల కింద ఆపాడు. “ఖాళీ అన్నది మిగలకూడదు సార్, అదే కొడుతుంది” అన్నాడు. మూతి తెరిచే ఉంచి, ముఖం పక్కకు తిప్పి టార్చి వెలిగించాడు. పేలడానికి ఆవిరి చేరే చోటే లేకుండా చేయడం, అంతే సూత్రం. పెద్ద వర్క్‌షాపుల్లో నీళ్లకు బదులు నీటి ఆవిరి పట్టించి, నైట్రోజనో కార్బన్ డయాక్సైడో నింపి పని చేస్తారు. చిన్న చిల్లుకు నీళ్ల ఉపాయం సరిపోతుంది. కానీ సగం ట్యాంకు కోసి కొత్త గోడ అతకాలంటే నీళ్లు నిలవవు. అందుకే పెట్రోలు ముఖం చూడని కొత్త రేకుతో కొత్త ట్యాంకు చేయించడమే మంచిదని నా వాదన. రెండు మూడు మిల్లీమీటర్ల అల్యూమినియం, ఆర్గాన్ వెల్డింగు.

సరే, డబ్బా తయారైంది. ఆకారం మారింది కాబట్టి లోపలి పెట్రోలు నడవడికా మారుతుంది. నిండుకుండ తొణకదని మనవాళ్లు మనుషుల గురించి అన్నారు గానీ, భౌతికశాస్త్రంగానూ అది అక్షరాలా నిజం. తొణకాలంటే ద్రవం పైన ఖాళీ ఉండాలి. సగం నిండిన ట్యాంకులో పదిహేను కిలోల పెట్రోలు బండి ఊగినప్పుడల్లా ఒక గోడ నుంచి ఇంకో గోడకు సమ్మెటలా కొడుతుంది. బావి నుంచి నీళ్లు తెచ్చే ఆడవాళ్లు బిందె నీళ్ల మీద వేపమండ వేసుకునేవారు. అల పుట్టకుండా ఆకులు దాన్ని చీల్చేవి. ట్యాంకులో ఆ మండ పనిని లోపలి అడ్డుగోడలు చేస్తాయి. వాటికి చిల్లులు ఉంటాయి, కింది మూలలు కోసి ఉంటాయి. పెట్రోలు నెమ్మదిగా పారగలదు, ఎగిరి దూకలేదు. పోటీ బండ్లలో ట్యాంకు లోపల స్పాంజిలాంటి నురగ కూడా కూరుతారు. తొణుకుడూ తగ్గుతుంది, లోపల నిప్పు అంటుకున్నా వ్యాపించదు.

అసలు ఇబ్బంది ఎత్తు ఎక్కేటప్పుడు వస్తుంది. నలభై డిగ్రీల గట్టు మీద పెట్రోలంతా వెనక గోడకు చేరుతుంది. పెట్రోలు పీల్చే గొట్టం ముందు మూలలో ఉందంటే, సగం ట్యాంకు నిండి ఉండగానే ఇంజను ఆగుతుంది, అదీ గట్టు మధ్యలో. కార్బొరేటరు బండ్లలో చిన్న గిన్నెడు పెట్రోలు నిల్వ ఉంటుంది కాబట్టి కాసేపు తట్టుకుంటాయి. ఇంజెక్షన్ బండిలో ఒక్క గుక్క గాలి పోయినా దెబ్బే. ట్యాంకులో మునిగి ఉండే పంపును చల్లబరిచేది కూడా ఆ పెట్రోలే. అందుకే కొత్త ట్యాంకు అడుగున మధ్యలో చిన్న గుంట చేసి, గొట్టం అందులోకి దించుతారు. ఇంకా జాగ్రత్తపరులు లీటరు పట్టే చిన్న డబ్బాను పక్కన పెట్టి, ఇంజనుకు ఎప్పుడూ అందులోంచే పెట్రోలు పంపుతారు.

ఇక మూడో దారి. ట్యాంకును వెనక సీట్ల చోటికి ఎత్తేస్తే వించ్‌కు కావలసినంత చోటు. ముప్పై కిలోలు నలభై సెంటీమీటర్లు పైకి పోతే టన్ను బండి గరిమనాభి ఒక సెంటీమీటరు పైచిలుకు లేస్తుంది, పెద్ద నష్టం కాదు. కాని పెట్రోలు ఇప్పుడు మనుషులున్న గదిలోకి వచ్చింది. మధ్యలో ఇనుప గోడ కట్టాలి. రేసుల్లోలాగా, మోటారు రేసుల సమాఖ్య ఎఫ్ఐఏ వారి ఎఫ్‌టీ3 ప్రమాణపు రబ్బరు సంచి ట్యాంకు పెడితే ఇంకా నయం. గట్టి దెబ్బ తగిలితే రేకు చిరుగుతుంది, సంచి ముడుచుకుంటుంది.

వెనక గుద్దుళ్ల చరిత్ర తెలిసినవాళ్లు ట్యాంకు వెనక ఇనుము పెట్టేముందు ఒక్క క్షణం ఆగుతారు. అమెరికాలో ఫోర్డ్ పింటో కారు ట్యాంకు కూడా వెనక ఇరుసుకూ బంపరుకూ మధ్యే ఉండేది. వెనక నుంచి గుద్దితే ముందుకు నలిగి ఇరుసు బోల్టులకు గుచ్చుకునేది. 1978లో పదిహేను లక్షల బండ్లను వెనక్కి పిలిచి, మధ్యలో ప్లాస్టిక్ కవచం పెట్టారు. 2013లో క్రిస్లర్ సంస్థ అదే అమెరికాలో దాదాపు 15.6 లక్షల జీపులను పిలిచినప్పుడు సూచించిన మందు వింతగా ఉంటుంది. ట్యాంకు వెనక ట్రెయిలరు లాగే ఇనుప కొక్కెం బిగించడం! చాసిస్‌కు గట్టిగా పట్టిన ఇనుము దెబ్బను కొంత చాసిస్‌కు పంచుతుందని లెక్క. వించ్‌కూ ఇదే కొలమానం. రెండు పట్టీలకూ బిగిసిన మందపాటి పలక మీద కూర్చుంటే అది కవచం, పలచటి బంపరుకు తగిలిస్తే ముప్పై అయిదు కిలోల సుత్తి. నాలుగు టన్నుల లాగుడు కూడా ఆ పట్టీలకే పోవాలి, ట్యాంకుకు గ్రాము బలం తగలకూడదు. నిచ్చెనలాంటి చాసిస్ గుంతల్లో మెలితిరుగుతుంది కాబట్టి, ట్యాంకును బోల్టులతో బిర్రుగా పట్టేయకుండా రబ్బరు మీద బెల్టుల్లాంటి పట్టీలతో కట్టాలి. లేకపోతే కొన్నాళ్లకు వెల్డింగు అతుకు పగులుతుంది.

కరెంటు సంగతి చాలామంది మరిచిపోతారు. ఇంట్లో ఏసీ తీసుకునేది ఏడెనిమిది ఆంపియర్లు. 12 వోల్టుల వించ్ పూర్తి బరువు మీద 400 ఆంపియర్లు దాటుతుంది. ముందున్న బ్యాటరీ నుంచి వెనక్కి నాలుగు మీటర్ల తీగ లాగాలి. 35 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో కూడా 0.8 వోల్టు తరిగిపోయి, 300 వాట్లకు పైగా వేడి పుడుతుంది. ఆ తీగ పెట్రోలు పైపు పక్కనుంచి పోతూ చాసిస్ అంచుకు ఒరిసిందంటే చెప్పేదేముంది! పైపు ఒక పట్టీ వెంట, తీగ రెండో పట్టీ వెంట. తీగకు రబ్బరు తొడుగు, బ్యాటరీ దగ్గర చేతికందే స్విచ్చి ఉండాలి.

ఇదంతా పోటీ మైదానం ముచ్చటే సుమా. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అంటుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఇలాంటి జిప్సీలు లారీ ఎక్కి అడవికి వెళ్లాలి తప్ప రోడ్డు మీద నడుస్తూ కాదు.

ట్యాంకు బిగించేముందు కారుడు పరీక్ష. కొద్దిగా గాలి నింపి, అతుకుల మీద సబ్బునురగ పూసి బుడగల కోసం చూడాలి. సైకిలు పంక్చరు వాడి పద్ధతే. ఎంత గాలి అన్నదే ప్రశ్న. అరవై సెంటీమీటర్ల పొడవు, నలభై సెంటీమీటర్ల వెడల్పు ఉన్న గోడ మీద 0.2 బార్ పీడనమంటే 490 కిలోలు, అంటే ఇరవై బియ్యం బస్తాలు. ఒకాయన టైరుకు పట్టినట్టు కంప్రెసరు పట్టాడు. రెండు బార్లు, అంటే అయిదు టన్నులు. వారం రోజులు కష్టపడి చేయించిన ట్యాంకు నా కళ్లముందే పూరీలా పొంగింది.

నింపేటప్పుడు గొంతు దాకా నింపకూడదు. బంకు భూగర్భ ట్యాంకులోంచి చల్లగా వచ్చిన 38 లీటర్లు మే నెల ఎండలో ఇరవై డిగ్రీలు వేడెక్కితే ముప్పావు లీటరు దాకా ఉబ్బుతాయి. ఆ ముప్పావు లీటరుకు లోపల చోటుండాలి. బండి బోల్తా పడితే గాలి గొట్టాన్ని తనంతట మూసే గోలీ వాల్వు కూడా ఉండాలి.

చివరగా డాష్‌బోర్డు మీది ముల్లు. తేలే బెండు పాత ట్యాంకు ఎత్తుకు లెక్క కట్టింది. కొత్త ఆకారంలో సగం అని చూపించేది సగం కాదు. దీనికి లారీ డ్రైవర్ల పద్ధతే మేలు. బండిని చదునైన నేల మీద నిలిపి, అయిదేసి లీటర్లు పోస్తూ, ప్రతిసారీ ఒక వెదురు బద్ద ముంచి, తడి ఆగినచోట కత్తితో గాటు పెట్టుకోవాలి. వించ్‌కు చోటిచ్చి కింద ఇరుకైన, మెట్టు ఉన్న ట్యాంకు కదా, గాట్ల మధ్య ఎడం సమానంగా రాదు. కింద ఎడంగా, పైన దగ్గరగా పడతాయి. ఆ బద్దను సీటు వెనక దోపి ఉంచుకోవచ్చు.